కుడి చెంపలో కరెంటు: పదమూడు నెలల వైద్యం, నా అనుభవం

మాది పర్లాకిమిడి, ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు. 2024 జనవరి 19న, కనుమ వెళ్లిన మూడో రోజు పొద్దున్న, పెరట్లో ముఖం కడుక్కుంటుంటే కుడి ముక్కుపుట పక్కన వేలు తగిలింది. అక్కడి నుంచి పై దవడ మీదుగా చెవి దాకా ఒక్కసారిగా జివ్వున కొట్టింది. చేతిలో చెంబు జారి పడిపోయింది. పదిహేను, ఇరవై సెకన్లు ఉండి, ఏమీ జరగనట్టే ఆగిపోయింది. నరం పట్టిందేమోలే అని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి రోజుకి ముప్పై నలభై సార్లు రావడం మొదలుపెట్టింది.

ఈ జబ్బు పేరు ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖానికి స్పర్శనిచ్చే నరంలో పుట్టే నొప్పి. ఆ పేరు నా చెవిన పడడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా రెండు పళ్లు పోయాయి, తొమ్మిది కిలోలు తగ్గాను. ఇదే నొప్పితో ఇవాళ ఎవరో ఒకరు పళ్ల డాక్టరు గుమ్మంలో కూర్చునే ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను. తేదీలు, ఖర్చులు నా దగ్గరున్న చీటీలు, బిల్లులు చూసి వేసినవే.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో అప్పుడు తెలిసింది. పుండు సలుపుతుంది, తల పోటెత్తుతుంది, కాళ్లు పీకుతాయి, నడుము లాగుతుంది, కడుపులో మెలిపెడుతుంది. నాది వీటిలో ఏదీ కాదు. తడి చేత్తో స్విచ్ ముట్టుకుంటే కొట్టినట్టు కొట్టేది. ఇంట్లో అలాగే చెప్పేదాన్ని. క్లినిక్‌లో మాత్రం ఒడియాలో చెప్పాలి. బజారు ఒడియా నాకు బాగానే వచ్చు, బేరమాడతాను, బ్యాంకు పని చక్కబెట్టుకుంటాను. కానీ ఒంట్లో బాధ చెప్పడానికి ఆ భాషలో నాకు తెలిసింది ఒక్కటే మాట, ‘బింధా’. ఎక్కడ అని అడిగితే పై దవడ చూపించాను. కౌంటరులో అబ్బాయి చీటీ మీద ‘దాంత బింధా’ అని రాసేశాడు. అంటే పంటి నొప్పి. ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు పాత చీటీ అడిగేవారు. అది చూశాక నన్ను వేరే ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

ఫిబ్రవరి 6న పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రేలో కుడి పైదవడ వెనక పన్నుకి పాత సిమెంటు కింద చిన్న నీడ ఉందన్నారు. రూట్ కెనాల్ మూడు సిట్టింగుల్లో అయింది, 4,500 రూపాయలు. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చదవండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ రెండు మూడు గంటలు నొప్పి పూర్తిగా ఆగిపోయేది. ‘చూశారా, పన్నుదే’ అన్నారు డాక్టరు గారు. నేనూ నమ్మాను. అసలు జరిగేది ఇది: ఆ మందు చిగురుని, చెంపని మొద్దుబారుస్తుంది. ముట్టుకుంటే నొప్పి లేచే చోటు మొద్దుబారితే నొప్పి లేవదు. పన్ను పాడైనా, బాగున్నా అంతే. ఇంజెక్షన్‌తో ఆగింది కాబట్టి పంటి జబ్బే అనుకోకండి.

మార్చి 2న ఆ పన్నే పీకించాను, 800. 21న దాని పక్కది, ఇంకో 800. రెండోది తీసిన నాలుగో రోజు నుంచి నొప్పి మాయమైపోయింది. ఏప్రిల్ అంతా, మే మూడో వారం దాకా ఒక్కసారి కూడా రాలేదు. కొత్తావకాయ పెట్టాను, ముక్క కొరుక్కుని మరీ తిన్నాను. ఆ డాక్టరు గారి గురించి నలుగురికి గొప్పగా చెప్పాను కూడా. ఈ జబ్బుకి అలా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి దానంతటది సద్దుమణిగే గుణం ఉందట. సరిగ్గా అప్పుడు ఏ వైద్యం నడుస్తుంటే దానికి పేరొస్తుంది. పన్ను పీకించుకున్నవాళ్లకి పన్ను, పసరు వేయించుకున్నవాళ్లకి పసరు, తాయెత్తు కట్టించుకున్నవాళ్లకి తాయెత్తు.

మే 23న మళ్లీ వచ్చింది, అంతకుముందు కన్నా గట్టిగా. మూడో పన్ను తీద్దామన్నారు. మా ఆయన ‘రెండు తీశారు, రెండింటితో పోనిది మూడోదాంతో పోతుందా’ అని నన్ను లేవదీసుకుని వచ్చేశారు. అందుకే ఆ పన్ను ఈరోజుకీ నా నోట్లో ఉంది.

జూన్, జూలై నెలలు ఒక్క ముక్కలో చెప్తాను. సైనస్ అని ఎక్స్‌రే తీశారు, మైగ్రేన్ అని మాత్రలిచ్చారు. డైక్లోఫెనాక్ సూదులు, ఎసిక్లోఫెనాక్, వాటివల్ల కడుపు మండితే పాంటాప్రజోల్, చివరికి ట్రమడాల్. ఏదీ నొప్పిని తాకలేదు. మామూలు నొప్పి మాత్రలు వాపు తగ్గించి నొప్పి తగ్గిస్తాయి. ఇక్కడ వాపే లేదు. నరం పైపొర అరిగిపోయి, తొడుగు ఊడిన తీగలాగా దానంతటదే కొడుతుంది. ట్రమడాల్ వేసుకుంటే మగతగా పడుండేదాన్ని, ఆ మగతలోనూ కొడుతూనే ఉండేది. బీపీ ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే కిడ్నీలకి ముప్పు. ఆ సంగతి నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బున్నవాళ్లని పక్కవాళ్లు నమ్మరు. నొప్పి లేని నిమిషంలో మనిషి మామూలుగానే కనిపిస్తుంది. వాపుండదు, ఎరుపుండదు, జ్వరముండదు. పళ్లు తోముకోవడం మానేసి ఉప్పునీళ్లు పుక్కిలించేదాన్ని, అదీ గోరువెచ్చగా ఉంటేనే. ఫ్యాను గాలి ముఖానికి తగలకుండా గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. బండెక్కితే చెంప చుట్టూ శాలువా. అన్నం నమలలేక చోడి అంబలి చెంచాతో ఎడమవైపు పోసుకునేదాన్ని. మాట్లాడితే కొడుతుందని మనవరాలి పలక తీసుకుని దానిమీద రాసి చూపించేదాన్ని. నాలుగేళ్ల పిల్ల, అమ్మమ్మ తనతో ఆడుతోందనుకుని కింద సున్నాలు చుట్టేది. 58 కిలోలుండేదాన్ని 49కి వచ్చాను. బతికేం లాభమని అనిపించిన సాయంత్రాలున్నాయి. అలా అనిపిస్తే దాచుకోవద్దు, ఇంట్లో ఒకరికైనా చెప్పండి, డాక్టరుకీ చెప్పండి. నేను ఆలస్యంగా చెప్పాను. నాకున్న ఒకే ఒక్క ఊరట రాత్రి. నిద్ర పట్టిందంటే తెల్లారేదాకా కొట్టేది కాదు. ఇది కూడా ఈ జబ్బు గుర్తుల్లో ఒకటని తర్వాత తెలిసింది. పంటి నొప్పయితే రాత్రే ఎక్కువ చేస్తుంది.

ఆగస్టు 20న శ్రీకాకుళం వెళ్లాం. పాతపట్నం దాకా ఆటో, అక్కడి నుంచి ఆర్టీసీ బస్సు. నిజానికి బీపీ చూపించుకోవడానికి వెళ్లింది. ఆయన జనరల్ ఫిజీషియన్. నేను నోరు సరిగ్గా తెరవకుండా మాట్లాడుతుంటే చూసి ఏమిటమ్మా అన్నారు. పాత చీటీలు తీయబోతే ఒద్దన్నారు. ‘తెలుగులో చెప్పమ్మా, ఎలా ఉంటుంది?’ కరెంటు కొట్టినట్టు అన్నాను. ఎంతసేపు? సెకన్లు. ఏం చేస్తే వస్తుంది? ముఖం కడిగితే, మాట్లాడితే, గాలి తగిలితే. రెండోవైపు ఎప్పుడైనా వచ్చిందా? లేదు. నిద్రలో? రాదు. ‘ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపించు’ అన్నారు. చూపించాను. వేలు ముక్కుపుటకి అంగుళం ఇవతల ఆగిపోయింది. అప్పటికి అది నాకు అలవాటైపోయింది, నేను ఆపుతున్నానని కూడా నాకు తెలీదు. పంటి నొప్పి ఉన్నవాళ్లు దవడ గట్టిగా పట్టుకుని చూపిస్తారట, ఈ నొప్పి ఉన్నవాళ్లు ముట్టుకోరట. ఆ ఆగిన వేలు చూసి జబ్బు పేరు చెప్పారు. తర్వాత దూది పోగుతో నుదురు, చెంప, గడ్డం రెండువైపులా తాకి స్పర్శ సమంగా ఉందో లేదో చూశారు. స్పర్శ తగ్గి ఉంటే లోపల గడ్డలాంటిది ఉందేమోనని అనుమానించాలట. నాకు సమంగానే ఉంది. పదినిమిషాల్లో తేలిపోయింది. ఫీజు 400.

బయటికొచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను. జబ్బు వచ్చినందుకు కాదు, దానికో పేరున్నందుకు.

ఆ రాత్రే ఒక కాగితం మీద ఆ ప్రశ్నలకి జవాబులు రాసి పెట్టుకున్నాను, ఒకవైపు తెలుగులో, రెండోవైపు ఎదురింటి మాఉసీ చేత ఒడియాలో రాయించి. ‘కరెంట్ మారిలా భళి’, కరెంటు కొట్టినట్టు. ఈ మూడు ముక్కలు జనవరిలోనే వచ్చి ఉంటే ‘బింధా’తో ఆగిపోయేదాన్ని కాదు. ఆ తర్వాత చూసిన ప్రతి డాక్టరుకీ ముందు ఆ కాగితమే ఇచ్చాను. మీరూ రాసుకోండి: నొప్పి ఎలా ఉంటుంది, ఎన్ని సెకన్లు, ఏం చేస్తే లేస్తుంది, ఏ వైపు, నిద్రలో వస్తుందా, ఇప్పటిదాకా వాడినవాటిలో ఏది పనిచేసింది, ఏది చేయలేదు. రోజుకెన్నిసార్లు వస్తోందో ఒక వారం గీతలు గీసి లెక్కపెట్టి అదీ వేయండి. మాటలకన్నా ఆ అంకె డాక్టరుకి త్వరగా అర్థమవుతుంది.

ఇక మందు. కార్బమాజెపిన్. టెగ్రిటాల్, మాజెటాల్ పేర్లతో దొరుకుతుంది. మూర్ఛకి వాడే మందే. షాపులో ‘ఫిట్స్ ఉన్నాయా’ అని అడిగితే కంగారుపడకండి. 100 మిల్లీగ్రాములు పొద్దున్న, రాత్రి మొదలుపెట్టించి, మూడు రోజులకోసారి వంద చొప్పున పెంచుతూ 400 దాకా తీసుకెళ్లారు. మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, లివరు, సోడియం పరీక్షలు చేయించారు, 950 రూపాయలు. కొందరు డాక్టర్లు హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు పరీక్ష కూడా చేయిస్తారు, అది ఉన్నవాళ్లకి ఈ మందుతో ఒళ్లంతా చర్మం ఊడే ప్రమాదం ఎక్కువ. నాకు చేయించలేదు గానీ, మొదటి రెండు మూడు నెలల్లో ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుళ్లు ఏది కనిపించినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రమ్మని గట్టిగా చెప్పారు.

మూడో రోజు పొద్దున్న ముఖం కడుక్కున్నాను. రాలేదు. ఇంకోసారి కడుక్కున్నాను. నాలుగైదు చిన్న చిటుకులు తప్ప ఆ రోజంతా ఏమీ లేదు. పది మాత్రల అట్ట పాతిక రూపాయలు కూడా లేదు. సూదులకి, మాత్రలకి, పళ్లకి అంతకుముందు మేం పెట్టింది పదమూడు వేలు దాటింది. ఆ అట్ట చేతిలో పట్టుకుంటే సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. సెప్టెంబరు మూడో వారంలో అదే మోతాదుకి నొప్పి మళ్లీ తలెత్తింది. మందు పనిచేయడం మానేసిందని భయపడి నేను ఆపేయబోయాను. అలా అస్సలు చేయకూడదు. ఈ మందుకో గుణం ఉంది. తనని తాను విరగ్గొట్టే పనిని లివరుకి తనే నేర్పుతుంది. మూడు నుంచి ఐదు వారాల్లో లివరు ఆ పనిలో చురుకై, అదే మాత్రకి రక్తంలో మందు తగ్గిపోతుంది. అందుకే ఆ సమయంలో మోతాదు పెంచాల్సి వస్తుంది. నాకు 800 చేశారు. నొప్పి ఆగింది. నడుస్తుంటే తూలు, ఒక్కోసారి ఒకటి రెండుగా కనిపించడం మొదలైంది. షాపులో 200 మామూలు మాత్ర లేదని 400 సీఆర్ ఇచ్చారొకసారి. సీఆర్ అంటే మెల్లగా కరిగేది, నలిపి వేసుకోకూడదు. నేను గొంతు దిగదని నలిపి తేనెలో వేసుకున్న రోజు గడప దాటుతూ పడిపోయాను. ఇంకొకటి, దగ్గుకో గొంతుకో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఎవరైనా రాస్తే ఈ మందు వాడుతున్నానని ముందే చెప్పండి. అవి కలిస్తే రక్తంలో కార్బమాజెపిన్ ఒక్కసారిగా పెరిగిపోతుంది.

అసలు దెబ్బ దసరా ముందు తగిలింది. అక్టోబరు 8 నుంచి వాంతులు, తలనొప్పి. 9న మా పెద్దాడు తారీఖు అడిగితే చెప్పలేకపోయాను, మనవరాలి పేరు కూడా తడుముకున్నానట. శ్రీకాకుళం తీసుకెళ్లి రక్తం చూపిస్తే సోడియం 121. ఉండాల్సింది 135 నుంచి 145. కార్బమాజెపిన్ ఒంట్లో నీళ్లు నిలవేసి సోడియాన్ని పలచబరుస్తుంది. నా బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అనే అక్షరం ఉంది. దాని అర్థం హైడ్రోక్లోరోథయాజైడ్, మూత్రం పోయించే మందు. అదీ సోడియం లాగేస్తుంది. రెండూ కలిసి నన్ను అక్కడికి తెచ్చాయి. మీ బీపీ మాత్ర పేరు చివర ఆ అక్షరం ఉందేమో ఇప్పుడే చూసుకోండి, ఉంటే కార్బమాజెపిన్ రాసే డాక్టరుకి అట్ట చూపించండి. మందు మొదలుపెట్టాక రెండు మూడు వారాలకి, మోతాదు పెంచిన ప్రతిసారీ సోడియం పరీక్ష చేయించాలి. మేం మొదట్లో ఒకసారి చేయించి వదిలేశాం. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాను, 16,400 అయింది. సోడియాన్ని గబగబా ఎక్కించరు, రోజుకి ఎనిమిది పాయింట్లు మించకుండా ఎక్కిస్తారు, తొందరపడితే మెదడుకి హాని. కాబట్టి ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి సరిపెట్టే పని కాదిది.

బీపీ మాత్ర మార్చారు, కార్బమాజెపిన్ 400కి దించారు, బాక్లోఫెన్ అనే ఇంకో మందు 5 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు కలిపారు. దాంతో నొప్పి రోజుకి పది పన్నెండుసార్లకి వచ్చి ఆగింది. పెంచితే సోడియం పడిపోతుంది, పెంచకపోతే నొప్పి. ఆక్స్‌కార్బజెపిన్‌కి మారుద్దామా అంటే అది సోడియాన్ని ఇంకా ఎక్కువ పడేస్తుంది. విశాఖ వెళ్లి న్యూరాలజిస్టుని కలవమన్నారు.

ఫోన్ చేసిన పన్నెండు రోజులకి, నవంబరు 16న అపాయింట్‌మెంట్ దొరికింది. ఫీజు 700. నేను సెప్టెంబరులోనే దగ్గరి పట్నంలో బ్రెయిన్ ఎంఆర్‌ఐ తీయించి 4,500 పెట్టాను, ‘నార్మల్’ అని వచ్చింది. ఆ ఫిల్ములు న్యూరాలజిస్టు గారు దీపం ముందు పెట్టి వెంటనే తీసేశారు. ఎంఆర్‌ఐ మెదడుని ముక్కలు ముక్కలుగా బొమ్మ తీస్తుంది. మామూలుదాంట్లో ఆ ముక్కలు మందంగా ఉంటాయి, సన్నటి నరం, దాన్ని ఆనుకున్న రక్తనాళం రెండు ముక్కల మధ్యలో పడి కనిపించకుండా పోతాయి. దీనికి ట్రైజెమినల్ నరం ప్రోటోకాల్ అని రాయాలి. యంత్రాన్ని బట్టి సిస్ అనో, ఫియెస్టా అనో పిలిచే సన్నని ముక్కల స్కాన్ అది. 3 టెస్లా, అంటే అయస్కాంతం బలం ఎక్కువున్న యంత్రమైతే మేలు. చీటీ మీద ఆ మాట లేకపోతే స్కాన్ సెంటరువాళ్లు మామూలుదే తీస్తారు. డబ్బు కట్టే ముందు అడగండి.

18న స్కాన్, 8,500. లోపలికి లోహం తీసుకెళ్లకూడదు. తాళి తీసి పసుపుతాడు కట్టుకున్నాను, మెట్టెలు తీశాను. ముక్కుపుడక మిగిలింది. నొప్పి లేచే చోటు సరిగ్గా అదే, పది నెలలుగా దాన్ని వేలితో తాకలేదు. మర అరిగి బిగుసుకుపోయింది. బట్టలు మార్చుకునే గదిలో మా కోడలు సబ్బునీళ్లు రాసి తిప్పుతుంటే ఒక్కో తిప్పుకి ఒక్కోసారి కొట్టింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను, అది ఏడుస్తూ తిప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడున్న ఆయమ్మ నెమ్మదిగా చెప్పింది, ‘మందు వేసుకున్న గంటన్నరకి వస్తే ఇంత ఉండదమ్మా’ అని. మీరు ఇంటిదగ్గరే కంసాలి చేత తీయించుకుని, మందు వేళ చూసుకుని వెళ్లండి.

రిపోర్టులో కుడి ట్రైజెమినల్ నరం మెదడు నుంచి బయలుదేరే చోట సుపీరియర్ సెరెబెల్లార్ ధమని వంపు ఆనుకుని ఉందని వచ్చింది. గడ్డ లేదు, మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడులో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) మచ్చలు లేవు. ధమని ప్రతి కొట్టుకి నరాన్ని తడుతూ తడుతూ దాని పైపొర అరగదీసింది. నొప్పి లేనివాళ్లలో కూడా కొందరికి ధమని ఇలా ఆనుకునే ఉంటుందని, అందుకే బొమ్మ ఒక్కటీ చూసి ఆపరేషన్ చేయమని, నా కాగితంలో రాసినది, బొమ్మ రెండూ కలిశాయి కాబట్టే చెప్తున్నామని అన్నారు. ఆ మాట నాకు ధైర్యమిచ్చింది.

నవంబరు 30న న్యూరోసర్జన్ దారులు విప్పి చెప్పారు. చెంపలోంచి సూది పెట్టి నరాన్ని వేడితో కొంత కాల్చడం ఒకటి. రోజులో అయిపోతుంది, ఖర్చు తక్కువ, పెద్ద వయసువాళ్లకి, గుండె జబ్బులున్నవాళ్లకి మంచిది. కానీ ముఖం కొంత మొద్దుబారుతుంది, కొన్నేళ్లకి నొప్పి తిరిగి రావచ్చు. గామా నైఫ్ అనే రేడియేషన్ ఇంకొకటి, దాని ఫలితం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది. మూడోది చెవి వెనక తెరిచి ధమనిని నరం నుంచి తప్పించి, మధ్యలో టెఫ్లాన్ పీచు పెట్టడం. పేరు మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్. మూలకారణాన్ని తొలగించేది ఇదొక్కటే. చేయించుకున్న పదిమందిలో ఏడుగురు పదేళ్ల తర్వాత కూడా నొప్పి లేకుండా ఉంటారన్నారు. వినికిడి పోవడం, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం, అరుదుగా పక్షవాతం లాంటి ప్రమాదాలు కూడా దాచకుండా చెప్పారు. నాకు 52 ఏళ్లు, గుండె బాగుంది. మూడోదే ఎంచుకున్నాం.

డబ్బు దగ్గర సరిహద్దు అడ్డొచ్చింది. మేం తెలుగువాళ్లమే, విశాఖ మాకు మా రాజధాని కన్నా దగ్గరగా అనిపిస్తుంది, కానీ ఆధార్ మీద అడ్రసు ఒడిశా. ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం మాకు వర్తించదు. మా రాష్ట్రం కార్డేమో ఆ ఆసుపత్రిలో చెల్లలేదు. ఇది కౌంటరు దగ్గర తెలుసుకోవడం వల్ల పదిరోజులు పోయాయి. మీరు డాక్టరుని ఎంచుకోకముందే మీ కార్డు ఏయే ఆసుపత్రుల్లో చెల్లుతుందో, అందులో న్యూరోసర్జరీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మేం బ్యాంకులో బంగారం పెట్టాం. ప్యాకేజీ 1,85,000, విడిగా పరీక్షలు, మందులు 14,000, తోడున్నవాళ్లకి గది ఏడు రాత్రులకి 4,900. సోడియం నిలకడగా ఉండాలని రెండు నెలలు ఆగమన్నారు.

2025 ఫిబ్రవరి 11న చేరాను. ముందు చెవి పరీక్ష చేశారు, ఆపరేషన్ తర్వాత పోల్చుకోవడానికి. జుట్టంతా తీసేస్తారని భయపడ్డాను. చెవి వెనక నాలుగు వేళ్ల మేర మాత్రమే గీశారు. ఆపరేషన్ రోజు పొద్దున్న కూడా కార్బమాజెపిన్ మానొద్దన్నారు, గుక్కెడు నీళ్లతో వేసుకున్నాను. 12న ఏడున్నరకి తీసుకెళ్లారు. ఎముకలో చేసిన రంధ్రం రెండు రూపాయల బిళ్లంత. తెలివొచ్చేసరికి ఒంటిగంట. తల బరువుగా ఉంది, వాంతి వస్తోంది. ముందు నాలుకతో కుడి పై చిగురు తడిమాను. రాలేదు. చేయి పైకెత్తి ముక్కు పక్కన వేలు పెట్టాను. రాలేదు. వేలు అక్కడే ఉంచి మళ్లీ నిద్రపోయానని నర్సు చెప్పింది.

మర్నాటి నుంచి సుఖంగా ఉందని చెప్పలేను. రెండు రోజులు వాంతులు, లేచి కూర్చుంటే గది తిరిగింది. కుడి చెవిలో నీళ్లు నిండినట్టు మూడు వారాలు ఉంది, తర్వాత దానంతటదే పోయింది. ముక్కులోంచి గానీ కుట్లలోంచి గానీ నీళ్లలాంటిది కారినా, గొంతులో ఉప్పగా దిగుతున్నట్టనిపించినా వెంటనే చెప్పమన్నారు. ముక్కు చీదకూడదు, ముక్కకూడదు, దానికి విరేచనం సాఫీగా అయ్యే సిరప్ ఇచ్చారు, మొహమాటపడకుండా వాడండి. ఆరు వారాలు బిందె ఎత్తొద్దన్నారు. 18న ఇంటికి పంపారు. పదో రోజు కుట్లు మా ఊళ్లోనే విప్పించాను, 200.

నొప్పి పోయినా మందు ఒక్కసారిగా ఆపకూడదు. రెండు వారాలకి వంద చొప్పున తగ్గించారు: మార్చి 4న 300, 18న 200, ఏప్రిల్ 1న 100, 15న సున్నా. బాక్లోఫెన్ కూడా అలాగే మెల్లగా. మార్చిలో రెండుసార్లు సన్నగా చురుక్కుమంది, గుండె జారిపోయింది. నరం మానేటప్పుడు అలా ఉంటుందన్నారు. తర్వాత లేదు. ఏప్రిల్ 20న సోడియం 138. కుడి చెవి వెనక చెయ్యంత మేర ఇంకా మొద్దుగా ఉంది, దువ్వెన తగిలితే పరాయి తల దువ్వుతున్నట్టుంటుంది.

ఇది రాస్తున్నది జూన్ నెలలో. బరువు 54కి వచ్చాను. ముక్కుపుడక మాత్రం పెట్టుకోలేదు. పెట్టబోతే తెలిసింది, ఇన్ని నెలల్లో రంధ్రం పూడుకుపోయింది. ఆపరేషన్ అయి ఆరు నెలలు దాటాక కుట్టించుకోవచ్చన్నారు డాక్టరు గారు. కోడలు రోజూ అడుగుతోంది. ఆగస్టు రానీ, చూద్దాం అంటున్నాను.